కాఫీ మెషిన్‌కు ఈఎంఐ కట్టగలరు, ఆసుపత్రి అడ్వాన్స్ కట్టగలరా?

ప్రశ్న: మాది నల్లగొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 16 వేలు. మావారు మిర్యాలగూడలో రైస్ మిల్లు అకౌంటెంట్, 24 వేలు వస్తాయి. ఇద్దరు పిల్లలు. బండి కిస్తీతో కలిపి ఇంటి ఖర్చు 31 వేలు. ప్రతి శనివారం క్లాక్ టవర్ దగ్గరి కాఫీ షాపులో 750 దాకా అవుతోంది. ఇంట్లో ఐస్‌డ్ కాఫీ చేస్తే నీళ్లలా ఉంటోంది. 36 వేల ఎస్‌ప్రెసో మెషిన్ నో కాస్ట్ ఈఎంఐలో నెలకు 3 వేల చొప్పున ఏడాదికి వస్తోంది. గింజలు పట్టే గ్రైండర్‌కు లోన్ యాప్‌లో 8 వేలు తీసుకుందామనుకుంటున్నా. షాపు ఖర్చు మిగులుతుంది కదా? అవసరమొస్తే ఎత్తుకోవడానికి నెలకు 5 వేల చొప్పున కట్టే లక్ష చిట్టి ఉంది, ఇంకా 7 నెలలు కట్టాలి. ఇన్సూరెన్స్ ఏమీ లేదు. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ కూడా మొదలుపెట్టమంటారా?

జవాబు: ఇంట్లో చేసుకుందామన్న ఆలోచన మంచిదే చెల్లెమ్మా. కానీ ఆ మిగులు చేతికి రాకముందే ఈఎంఐకి రాసిచ్చేస్తున్నారు. నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే, అందుకే మీకు జవాబు రాస్తున్నా.

ముందు మీ లెక్కే చూద్దాం. షాపులో నెలకు 3 వేలు అవుతోంది. ఇంట్లో ఒక గ్లాసుకు 15 గ్రాముల పొడి, కిలో 800 అనుకుంటే 12 రూపాయలు. 150 మిల్లీలీటర్ల పాలు, లీటరు 60 చొప్పున 9 రూపాయలు. చక్కెర, గ్యాస్, కరెంటు కలిపినా 25 దాటదు. పిల్లలకు పాలో జ్యూసో కలుపుకున్నా నెలకు 400 అవుతుంది. మిగిలేది 2,600, కిస్తీ 3 వేలు. మొదటి నెల నుంచే 400 లోటు. పైగా నో కాస్ట్ అంటే మిత్తి లేదని కాదు. బ్యాంకు మిత్తి వేస్తుంది, అంత మేర షాపువాళ్లు ధర తగ్గించి చూపిస్తారు. ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. సున్నా శాతం మిత్తి అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది.

అసలు మీకు కావాల్సిన కాఫీకి ఆ మెషిన్ అక్కర్లేదు. దాని స్టీమ్ వేడి పాలను నురగలు తేవడానికి. ఐస్ వేసి తాగే కాఫీలో దానితో పనేముంది? మీ కాఫీ పలచబడేది వేడి డికాక్షన్ ఐస్ మీద పోయడం వల్ల. స్టీలు ఫిల్టర్‌లో ఆ 15 గ్రాముల పొడి కొంచెం ఒత్తి, 70 మిల్లీలీటర్లకు మించకుండా మరిగిన నీళ్లు పోయండి. చుక్కచుక్కగా దిగాక పూర్తిగా చల్లారనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంకొంత డికాక్షన్ తీసి ఐస్ ట్రేలో గడ్డకట్టించండి. ఆ గడ్డలు కరిగినా కాఫీయే అవుతుంది. చల్లటి పాలలో చక్కెర కరగదు కాబట్టి సమానంగా నీళ్లు పోసి ముందే పాకం కాచి సీసాలో ఉంచుకోండి. అన్నీ మూత ఉన్న సీసాలో పోసి గట్టిగా గిలకొడితే నురగ కూడా వస్తుంది. చికోరీ లేని బరక పొడి దొరికితే ఒక వంతుకు ఎనిమిది వంతుల నీళ్లు పోసి, రాత్రంతా ఫ్రిజ్‌లోనే నానబెట్టి వడకట్టినా బాగుంటుంది. మన ఎండలకు బయట మాత్రం ఉంచొద్దు.

లోన్ యాప్ మాట చదివి నాకు నిజంగా కోపం వచ్చింది. కాఫీ గింజలు పట్టడానికి అప్పా? ఫీజులు పట్టుకుని ఇస్తారు, చేతికి 8 వేలు కూడా రావు. వెనక ఏ బ్యాంకు ఉందో, ఏ ఫైనాన్స్ కంపెనీ ఉందో తెలియని యాప్ మీ ఫోన్‌లో ఉంటే ఇవాళే తీసేయండి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంట్లో ఆపతికి అక్కరకొచ్చే డబ్బు ఒక్క రూపాయి లేదు. చిట్టి ఉంది కదా అంటారు. చిట్టి పాట నెలకు ఒకసారే, జ్వరం ఏ రాత్రైనా వస్తుంది. మీలాగే అవసరమున్న ఇంకొకరు ఎగబడితే లక్ష చిట్టి పాట 20 వేల తగ్గింపుకు పోతుంది, చేతికి 80 వేలే వస్తాయి. మా నాన్నకు ఒక అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే, ఆసుపత్రిలో 50 వేలు కట్టాకే లోపలికి తీసుకుంటామన్నారు. తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాం. నెలకు 1,500 చొప్పున 26 నెలలు మిత్తే కట్టాం. 39 వేలు పోయాయి, అసలు అలాగే ఉంది. ఆపతికి డబ్బు పక్కన పెట్టుకోండని నేను ప్రతి జవాబులో రాసేది అందుకే.

కాబట్టి ఆ 2,600ను జీతం పడిన రోజే వేరే సేవింగ్స్ ఖాతాకు పంపండి. ఆ ఖాతాకు యూపీఐ పెట్టొద్దు. ఏడాదికి 31,200, అంటే మీ ఇంటి ఒక నెల ఖర్చు. చిట్టిని మధ్యలో పాడకుండా చివరిదాకా ఉంచి, వచ్చిన మొత్తం అందులోనే వేయండి. చిట్టి అయిపోయాక మిగిలే 5 వేలూ అటే పంపితే ఏడాది తిరిగేసరికి దాదాపు ఐదు నెలల ఖర్చు చేతిలో ఉంటుంది. ఆరు నెలలది అయ్యేదాకా ఆపొద్దు. అన్నట్టు, అది రిజిస్టరైన చిట్టియేనా కనుక్కోండి.

దీంతోపాటే నలుగురికీ కలిపి 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకోండి. మొదటి ఏడాది ప్రీమియం కోసం చిట్టి డబ్బులో కొంత పక్కన పెట్టినా తప్పులేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ ప్రీమియంపై జీఎస్టీ లేదు. ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు క్లెయిమ్ రాదు, ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. బీపీ, షుగర్ ఏది ఉన్నా దాచకుండా రాయండి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో 10 లక్షల దాకా వైద్యం ఉంది కానీ అన్ని ఆసుపత్రులూ అందులో లేవు. మీవారి పేరున టర్మ్ పాలసీ, అంటే మనిషికి ఏమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా, చూడండి. ఈలోపు ఏడాదికి 436 రూపాయల ప్రధానమంత్రి జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా బ్యాంకులో అడిగి ఇద్దరూ చేరండి.

సిప్ ఇప్పుడే వద్దు, ఆరు నెలల ఖర్చు కూడాక చూద్దాం. కాఫీ షాపుకు అసలే వెళ్లొద్దని అనను. పిల్లల పుట్టినరోజులకు వెళ్లండి, ఆ బిల్లు కార్డు మీద కాకుండా నగదుతో కట్టండి.