కాకతాళీయం, సెరెండిపిటీ ఒకటేనా?

సందేహం: తొలకరి పడ్డాక మా పక్క వజ్రకరూరు చేలల్లో కలుపు తీసేవాళ్లకు వజ్రం దొరికిందని వింటుంటాం. 'కాకతాళీయంగా దొరికింది' అని రాస్తే మా అమ్మాయి 'కాదు, సెరెండిపిటీ' అంది. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, గుత్తి

సమాధానం: కావు. కాకి రావడం, తాటిపండు రాలడం ఒక్కసారే జరిగితే కాకతాళీయం. కాక, తాల శబ్దాల సమాసానికి పోలిక అర్థంలో 'ఈయ' చేరింది. పాణిని 'సమాసాచ్చ తద్విషయాత్' సూత్రానికి ఇదే పేరుపడ్డ ఉదాహరణ. 'తాల' తెలుగులో 'తాళ' అయింది కనుక మనం 'ళీ' రాస్తాం; 'కాకతాళియం' అని హ్రస్వం చేయకూడదు.

ఈ మాటలో శుభమేమీ లేదు. పాణిని సూత్రాలకు పాత వ్యాఖ్యానమైన కాశికావృత్తి చెప్పే అర్థంలో ఆ పండు మీద పడి కాకి చచ్చిపోతుంది! ఉండాల్సింది రెండు సంఘటనలు, ఒకటి రెండోదానికి కారణం కాకపోవడం. 'నిన్న కాకతాళీయంగా వాన పడింది' అంటే అందుకే అతకదు. అక్కడ 'అనుకోకుండా' చాలు. 'ఊరేగింపు కదలడం, వాన అందుకోవడం కాకతాళీయం' అంటే సరి. మేలు జరిగే అర్థానికి ఆ సూత్రం కిందే 'అంధకవర్తకీయం' ఉంది: గుడ్డివాడి చేతికి పూరేడు పిట్ట చిక్కడం. తెలుగులో అది వాడుకలోకి రాలేదు.

సెరెండిపిటీని 1754 జనవరి 28న ఒక ఉత్తరంలో ఆంగ్ల రచయిత హొరేస్ వాల్పోల్ పుట్టించాడు. సెరెండిప్ శ్రీలంక పాతపేరు. అరబ్బుల 'సరందీబ్', దాని వెనక మన 'సింహళద్వీపం'. ఆ దేశపు ముగ్గురు రాకుమారుల కథ నుంచి తీసుకున్నాడు. ఆయన లెక్కలో వెతకనిది దొరకాలి, దాన్ని పట్టుకునే చురుకుబుద్ధీ ఉండాలి. 1928లో శాస్త్రవేత్త ఫ్లెమింగ్ సూక్ష్మజీవులను పెంచుతున్న పళ్లేనికి బూజు పడితే దాన్ని పారేయకుండా, బూజు చుట్టూ సూక్ష్మజీవులు ఎందుకు లేవా అని చూశాడు గనుకే పెన్సిలిన్ బయటపడింది.

కాబట్టి కర్నూలు జిల్లా జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసమే తిరిగేవారికి రాయి దొరికితే అది సెరెండిపిటీ కాదు, నక్కను తొక్కి రావడం. 'వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు' కూడా ఇక్కడ చెల్లదు, అందులో వెతుకులాట ఉంది. కలుపు తీస్తున్న మనిషి గులకరాళ్లలో వజ్రాన్ని పోల్చుకుంటే మాత్రం మీ అమ్మాయి మాటే రైటు.

తెలుగులో 'తలవని తలంపుగా దొరికింది' అని రాయండి. నామవాచకమే కావాలంటే 'తలవని మేలు' నప్పుతుంది. చురుకుబుద్ధి సంగతి అందులోకి రాదు. దాన్ని వాక్యంలో విడిగా చెప్పుకోవాల్సిందే.