ముందు బకెట్ దించు

తమ్ముడికి,

బ్యాక్‌హో లోడర్ (ముందు బకెట్, వెనక తవ్వే చెయ్యి ఉండే బండి)లో ఆయిల్ ఒత్తిడితో నడిచే భాగాల మరమ్మతు మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను. "ఆయిల్ ఎక్కడ కారుతోందో తెలియకపోతే ఇంజిన్ నడుస్తుండగా హోస్‌ల వెంట చెయ్యి పోనిచ్చి చూడాలి" అని నాలుగో పేజీలో రాశావు. ఎవరో పాత మెకానిక్ చెబితే విని రాశావో, నీకే తోచిందో తెలీదు. ఈ ఉత్తరం అందగానే దాన్ని కొట్టెయ్. బ్యాక్‌హో లోడర్ ఎంత పాతదైనా, పని చేస్తున్నప్పుడు ఆ హోస్‌లో, అంటే ఆయిల్ గొట్టంలో, 2000, 2500 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు) ఒత్తిడి ఉంటుంది. సూదిమొనంత చిల్లులోంచి చిమ్మే ఆయిల్ కంటికి ఆనదు గానీ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంత మచ్చ. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, అందుకే జనం నిర్లక్ష్యం చేస్తారు. వెంటనే సర్జరీ చేసి శుభ్రం చేయకపోతే వేలు పోవచ్చు, చెయ్యే పోవచ్చు. అట్టముక్కతో వెతకమని రాయి. కళ్లద్దాలు పెట్టుకోమని కూడా రాయి.

ఇంకోచోట ఇలా ఉంది: "హోస్ నట్టు వదులు చేసి తీయాలి. అంతకుముందు బకెట్ నేలకి దించి, ఇంజిన్ ఆపి, లీవర్లు అన్ని వైపులా కదిపి లోపల మిగిలిన ఒత్తిడి వదిలెయ్యాలి." రెండు వాక్యాలూ నిజమే, వరుసే తప్పు. నీ పాఠకుడు కుర్చీలో కూర్చుని చదవడం లేదు. కాగితం టైరు మీద పెట్టుకుని, స్పానర్ పట్టుకుని నిలబడ్డాడు. మొదటి వాక్యం చదవగానే ఆ పని చేసేస్తాడు. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయిల్ మొహాన కొట్టి ఉంటుంది, పైనున్న బూమ్ (బకెట్‌ని మోసే చెయ్యి) కూడా దిగుతూ ఉంటుంది. మరమ్మతు గురించి రాసేవాడికి భాష, శైలి అన్నీ తర్వాత. చేసే వరుసలోనే వాక్యాలు ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి.

కొత్తలో లిఫ్ట్ సిలిండర్ సీల్ (ఆయిల్ కారకుండా ఆపే రింగు) మార్చడం మీద ఒక వ్యాసం రాసి పంపాను. "మొదట్లోనే ఇన్ని జాగ్రత్తలు పెడితే పాఠకుడు పారిపోతాడు" అని ఎడిటర్ వాటన్నిటినీ చివర ఒక డబ్బాలో పెట్టాడు. హోస్‌ని 'నాళిక' కూడా చేశాడు. నెల తిరక్కుండా ఒక పాఠకుడి కార్డు వచ్చింది: వేడి ఆయిల్ ఛాతీ మీద పడ్డాక గానీ ఆ డబ్బా కనపడలేదట. అదృష్టం, చొక్కాతో పోయింది. కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. ఆ ఎడిటర్‌కి మళ్లీ ఏమీ పంపలేదు. ఇప్పుడేమో ప్రతి వ్యాసమూ కథతో మొదలవ్వాలని మోజు. నువ్వూ సూర్యోదయంతో మొదలుపెట్టావు. అది తీసేసి నేరుగా పనితో మొదలుపెట్టు.

వరుస తప్పితే నష్టం గాయాలతోనే అయిపోదు. నా చేతికొచ్చిన ఒక పాత బండిలో అన్ని పనులూ నీరసంగా జరుగుతుండేవి. పంపు కూత పెట్టేది. పంపు పోయిందని తేల్చేసి కొత్తది వేయించాను. అదే నీరసం, అదే కూత. చివరికి చూస్తే ట్యాంకు నుంచి పంపుకి వెళ్లే సక్షన్ హోస్ క్లాంప్ వదులైంది. అక్కడ బయటి గాలే లోపలికి పోతుంది, అందుకే పంపు తిరుగుతున్నంతసేపూ ఒక్క చుక్క కూడా కారలేదు. ట్యాంకు మూత తీసి ఉంటే నురగ కనపడేది. నేను తీయలేదు. నీ వ్యాసంలో వెతకడమూ నాలాగే పంపుతోనే మొదలవుతోంది!

ముందు ఒకటే ప్రశ్న అడిగించు: అన్ని పనులూ నెమ్మదించాయా, ఒక్కటేనా? అన్నీ అయితే ఆయిల్ లెవెల్, నురగ, సక్షన్ స్ట్రైనర్ (పంపుకి ముందుండే జల్లెడ), హోస్, క్లాంప్ చూసి, ఆ తర్వాత ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టి మెయిన్ రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే వదిలేసేది) చూడాలి. పంపు మాట చివర్లో. ఒక్క పనే అయితే పంపు జోలికి పోనక్కర్లేదు, ఆ ఒక్క దారిలోని వాల్వ్, స్పూల్ (లీవర్‌తో కదిలి ఆయిల్‌ని మళ్లించే కడ్డీ), సిలిండర్ చూస్తే చాలు. గేజ్ లేకుండా రిలీఫ్ స్క్రూ బిగించమని మాత్రం ఎక్కడా రాయకు. బలం వచ్చినట్టే ఉంటుంది, తర్వాత హోస్‌లు పగులుతాయి.

రాత్రి ఎత్తి వదిలిన బూమ్ తెల్లారేసరికి నేలకి మూతి ఆనించిందన్న వాక్యం బాగుంది. కానీ అలా ఎత్తి వదలకూడదని పక్కనే రాయాలి. సీల్ పోయిందని నువ్వు ఇచ్చిన తీర్పు కూడా తొందరపాటే. స్పూల్ అరిగినా, ఆ దారిలోని రిలీఫ్ వాల్వ్ లీకైనా బూమ్ దిగుతుంది. లీవర్ కదిపిన క్షణంలో ఒకసారి జారి, ఆ తర్వాత లేస్తే అది ఇంకో జబ్బు, ఆయిల్ వెనక్కి పోకుండా ఆపే లోడ్ చెక్ వాల్వ్‌ది. ఒకవేళ సిలిండరే విప్పాల్సి వస్తే ముందు రాడ్ మీద వేలితో తడిమి చూడమను. (ఇక్కడ తడమొచ్చు, బండి ఆగి ఉంది.) క్రోమ్ లేచి గుంటలు పడితే కొత్త సీల్ కిట్ వేసినా రాడ్ దాన్ని కోసేస్తుంది.

కలం పేరు గురించి ఏదో అడిగావు, ఎక్కడికి పంపాలని కూడా అడిగావు. తర్వాత చూద్దాం. తిరగరాశాక ఇంజిన్ ఆపిన బండి దగ్గర ఎవరికైనా చదివి వినిపించు. ఏదీ విప్పకుండా, నువ్వు చదివిన వరుసలో చెయ్యి పెట్టి చూపించమను. "ఇది ముందే చెప్పొద్దా" అని వాడు ఎక్కడ ఆగితే అక్కడ గీత గీసుకో. అన్నట్టు, రెండో పేజీలో వాల్వ్ బ్లాక్ బొమ్మ తలకిందులుగా అతికించావు.

ఉంటాను.