పళ్ళెం మీద ఈగ ఎందుకు వాలింది?

ప్రశ్న: 18వ శతాబ్దపు మైసెన్ (జర్మనీ) పింగాణీ ఫొటోల్లో పూలగుత్తికి దూరంగా ఎక్కడో అంచున ఒక ఈగో, పురుగో కనిపిస్తుంది. అలా ఎందుకు వేసేవారండీ?

జవాబు: చాలాసార్లు మచ్చ కప్పడానికే. మైసెన్‌ది గట్టి రకం పింగాణీ. గ్లేజు, అంటే పైన గాజులా మెరిసే పూత, కరగాలంటే దాదాపు 1,400 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ వేడిలో బట్టీలోంచి నలుసు రాలి అంటుకునేది, గ్లేజులో సూదిమొనంత గుంటలు పడేవి. అంత కష్టపడి చేసింది పారేయలేక దాని మీద ఓ పురుగును వేసేవారు. అలాగని ప్రతి పురుగు కిందా లోపం ఉందనుకోకండి. 1740 ప్రాంతంలో అచ్చుపుస్తకాల్లోని బొమ్మలు చూసి పూలు, పురుగులు వేయడమే ఒక శైలి. ఆ శైలిలో పేరుపడ్డ చిత్రకారుడు యోహాన్ గాట్‌ఫ్రీడ్ క్లింగర్ వాటికి నీడ కూడా దిద్దేవాడు. దాంతో ఈగ నిజంగా వచ్చి వాలినట్టే ఉంటుంది! వస్తువు చేతికందితే వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. లోపముంటే రంగు కింద చిన్న ఉబ్బో, గుంటో తెలుస్తుంది.

ప్రశ్న: ఒకే సెట్‌లో కొన్ని గులాబీలు ఊదాగా, కొన్ని మట్టిరంగులో ఉన్నాయి. తర్వాత ఎవరైనా రంగు దిద్దారా?

జవాబు: తొందరపడి అలా తేల్చకండి. ఆ గులాబీ రంగు బంగారం నుంచి వస్తుంది. బంగారాన్ని ఆమ్లంలో కరిగించి, తగరపు లవణంతో ఊదా పొడిగా దింపి, త్వరగా కరిగే గాజుపొడితో నూరి వాడతారు. గ్లేజు మీద వేసిన ఈ రంగును సుమారు 700 నుంచి 850 డిగ్రీల్లో మళ్ళీ కాలుస్తారు. వేడి చాలకపోతే మట్టిరంగుకు తిరుగుతుంది, మించితే ఊదా అవుతుంది. ఇనుముతో చేసే ఎరుపు తీరు వేరు: వేడి మించితే వెలిసిపోతుంది. అందుకే గులాబీని ముందు కాల్చి, ఇనుపెరుపునూ బంగారు పూతనూ తక్కువ వేడిలో చివరికి ఉంచుతారు. పూత మరీ మందమైతే రంగులో కలిపిన నూనె బయటికి పోలేక బుడగలొస్తాయి, రంగు పెచ్చులూడుతుంది.

ప్రశ్న: ఈ పూలను శాస్త్రం ప్రకారం నమ్మవచ్చా?

జవాబు: డెన్మార్క్‌వారి ఫ్లోరా డానికా అనే పింగాణీ సెట్‌ను చాలావరకు నమ్మవచ్చు. 1790లో మొదలై 1802 వరకు సాగిన ఈ పనిలో 1,802 వస్తువులు తయారయ్యాయి. ఎక్కువ భాగం చిత్రించింది యోహాన్ క్రిస్టఫ్ బేయర్. మొక్కలను అదే పేరుగల వృక్షశాస్త్ర గ్రంథంలోని బొమ్మల నుంచి దించారు, వస్తువు వెనక లాటిన్ పేరు రాశారు. ఇబ్బందల్లా కొలతతోనే. పొడవాటి మొక్క గుండ్రటి పళ్ళెంలో పట్టాలంటే కాడ వంచక తప్పదు. అందుకని ఆకు అంచునూ, పువ్వునూ చూసి పోల్చుకోండి. కాడ వంపును లెక్కలోకి తీసుకోకండి.