యాంకర్ కుర్చీకి దారి చిన్న ఊరి మీదుగా

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

యాంకర్ కావాలంటే టొరంటోలో ఎక్కడ అప్లై చెయ్యాలని అడిగావు. ముందు టొరంటో మాట పక్కన పెట్టు తల్లీ. థండర్ బే, ప్రిన్స్ జార్జ్ లాంటి ఊళ్లు చూడు. కెనడా ప్రజా ప్రసార సంస్థ సీబీసీ రాత్రి వార్తలు ‘ది నేషనల్’లో 1988 నుంచి 2017 దాకా కూర్చున్న పీటర్ మాన్స్‌బ్రిడ్జ్‌ని రేడియోలోకి పిలిచింది మానిటోబా ఉత్తరాన చర్చిల్‌లో, ఎయిర్‌పోర్టులో అనౌన్స్‌మెంట్ చేస్తుంటే ఆయన గొంతు విని. లీసా లాఫ్లామ్ కిచెనర్‌లో మొదలుపెట్టి, 2011లో సీటీవీ అనే ప్రైవేటు చానెల్ జాతీయ వార్తల కుర్చీకి చేరింది.

చిన్న స్టేషన్‌లో నీ ఉద్యోగం పేరు వీడియో జర్నలిస్ట్. కారు నడపడం, షూటింగ్, రాయడం, ఎడిటింగ్ అన్నీ నువ్వే. డ్రైవింగ్ లైసెన్స్ ఇప్పుడే తీసుకో. మైనస్ 30లో బ్యాటరీ చూస్తుండగానే దిగిపోతుంది. అందుకే స్పేర్ బ్యాటరీలు కోటు లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. బయటి నుంచి వెచ్చటి గదిలోకి వెళ్లేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూసెయ్. లేకపోతే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, అది ఆరేసరికి ప్రెస్ మీట్ అయిపోతుంది.

ఉద్యోగానికి పంపే రీల్, అంటే నీ పని చూపించే వీడియో, రెండు నిమిషాలు చాలు. చాలామంది కాలేజీ స్టూడియోలో డెస్క్ వెనక చదివిన ముక్కతో మొదలుపెడతారు, అక్కడే దెబ్బతింటారు. ఫీల్డ్‌లో మైకు పట్టుకుని, వెనక ఏదో జరుగుతుండగా మాట్లాడిన ముక్క ముందు పెట్టు. మ్యూజిక్ వద్దు.

చదవడానికి సాధన ఇలా చెయ్యి. ఒక చెవిలో రేడియో వార్తలు పెట్టుకుని పేపర్ పైకి చదువు. రేపు ప్రొడ్యూసర్ చెవిలో మాట్లాడుతున్నా నీ వాక్యం తెగకూడదు. ప్రాంప్టర్ (కెమెరా ముందు స్క్రిప్ట్ కదిలే తెర) ఎంత స్పీడుగా కదిలితే అంత స్పీడుగా చదవకు, నీ స్పీడును బట్టే దాన్ని తిప్పుతారు. అది ఆగిపోయే రోజు వస్తుంది కాబట్టి కాగితం స్క్రిప్ట్ చేతిలో ఉండాలి, పేజీలు కూడా తిప్పుతూ ఉండాలి. ఊళ్ల పేర్లు అక్కడివాళ్లు పలికినట్టే పలుకు. సస్కాచెవాన్ రాజధానిని రిజైనా అనాలి, రెజీనా అన్నావంటే కొత్తదానివని ఇట్టే పట్టేస్తారు. నీ పేరు మాత్రం కుదించకు, నెమ్మదిగా పూర్తిగా చెప్పు, వాళ్లే నేర్చుకుంటారు.

ఇంకొకటి దాచకుండా చెప్పాలి. 2024లో సీటీవీ యజమాని బెల్ మీడియా చాలా ఊళ్లలో మధ్యాహ్నం బులెటిన్లు ఆపేసింది. కుర్చీలు తగ్గుతున్నాయి. అందుకే రాయడం, ఎడిటింగ్ గట్టిగా నేర్చుకో. ఫ్రెంచ్ వస్తే ఒట్టావా, మాంట్రియల్ తలుపులు కూడా తెరుచుకుంటాయి.

రీల్ అయ్యాక నాకు పంపు. మొదటి పది సెకన్లు చూసి చెప్తాను.

మీ మామయ్య