గర్భిణి కోడలికి ఉప్పు విషయమై లేఖ

చి.సౌ. కోడలికి, పర్లాకిమిడి నుంచి పెద్దత్త ఆశీర్వదించి రాయునది.

నీకు మూడవ నెల వచ్చిందని మీ అత్తగారు ఫోనులో చెప్పారు. ఐరన్ మాత్రల సంగతి అందరూ చెబుతారు కనుక, చాలాకాలం నర్సుగా పనిచేసిన నేను ఎవరూ అడగని ఉప్పు సంగతి రాస్తున్నాను.

నౌపడా ఉప్పు మడులు దగ్గర కావడం వల్ల మన ఇళ్ళలో విడిగా అమ్మే కల్లుప్పు మీద మమకారం ఎక్కువ. సముద్రపు ఉప్పులో అయోడిన్ ఎలాగూ ఉంటుందని పెద్దవాళ్ళు వాదిస్తారు గాని, మడిలో తేలిన ఉప్పులో మిగిలేది అతి స్వల్పం. అందుకే పొటాషియం అయోడేట్‌ను వేరుగా కలుపుతారు. కల్లుప్పే కావాలంటే అయోడిన్ కలిపినదని ముద్రించిన ప్యాకెట్టు కొను. సైంధవ లవణం, గులాబీరంగు ఉప్పు ఇప్పటి వేలంవెర్రి, వాటిలో సాధారణంగా అయోడిన్ కలపరు. ఈ నెలల్లో వాటి జోలికి పోకు.

తొలి నెలల్లో శిశువు థైరాయిడ్ గ్రంథి ఇంకా పని మొదలుపెట్టదు కనుక, మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. అది తయారు కావాలంటే అయోడిన్ ఉండాలి. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు గాని, గర్భిణికి 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అలాగని ఉప్పు పెంచితే బీపీ భయం ఉంది. మన ఇంటికి చేరే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నియమం. ఆ లెక్కన రోజుకు 5 గ్రాముల ఉప్పుతో వచ్చేది 75 మైక్రోగ్రాములే కావచ్చు. మిగతాది పాలు, గుడ్లు, సముద్రపు చేపల నుంచి రావాలి. ఎండుచేప మాత్రం తగ్గించు, అందులో ఉప్పు బాగా ఎక్కువ. అయోడిన్ మాత్రలు, ముఖ్యంగా ఇదివరకే థైరాయిడ్ మందు వాడుతుంటే, డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

మీ వంటింట్లో ఉప్పు జాడీ పొయ్యి పక్కనే, మూత లేకుండా ఉండడం చూశాను. వేడికీ చెమ్మకూ అయోడిన్ తరిగిపోతుంది కనుక, బిగుతు మూత ఉన్న డబ్బాలో పోసి, పొడి చెంచాతోనే తీసి, కూర దించే ముందు వెయ్యి. ఊరగాయకని ఎండబెట్టిన ఉప్పును రోజువారీ వంటకు వాడకు. అనుమానముంటే చిటికెడు ఉప్పు ఆశా కార్యకర్తకు చూపించు. పరీక్ష చుక్క పడగానే నీలిరంగు తేలితే అందులో అయోడిన్ ఉన్నట్లే.

ప్రసవమయ్యాక పథ్యం పేరుతో ఎవరైనా ఉప్పు మార్చమంటే ఒప్పుకోకు. పాలిచ్చే తల్లికీ రోజుకు అదే 250 మైక్రోగ్రాములు కావాలి. బిడ్డకు అయోడిన్ నీ పాల ద్వారానే అందాలి.

ఇట్లు,
పెద్దత్త