సౌండ్‌బ్రేకింగ్ చూడండి, ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు

పాటల రికార్డింగ్ చరిత్ర మీద మంచి డాక్యుమెంటరీ సిరీస్ ఏది, ఇంట్లో చిన్న స్టూడియో పెట్టాలనుకునేవాళ్లకి అది పనికొస్తుందా అని అడిగారు. నేనైతే ‘సౌండ్‌బ్రేకింగ్’ అంటాను. ఎనిమిది భాగాలు. 2016 నవంబరులో అమెరికాలో పీబీఎస్ టీవీలో వచ్చింది. బీటిల్స్ పాటల నిర్మాత జార్జ్ మార్టిన్ ఇందులో పాలుపంచుకున్నారు, అది ప్రసారం కాకముందే ఆ ఏడాది మార్చిలో పోయారు. ఏ మైకు కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని చూస్తే మాత్రం నిరాశే. అవి యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి.

నాకు తిరుపతిలో తిరుచానూరు రోడ్డు వైపు ఒక గది స్టూడియో ఉంది. వచ్చేవి ఎక్కువగా భక్తిగీతాలు, అన్నమయ్య కీర్తనలు, అప్పుడప్పుడు షార్ట్ ఫిల్మ్ డబ్బింగ్. ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ టేక్ తీసుకుంటుంటే సరిగ్గా చరణం చివర్లో బయట ఆటో హారన్ కొడుతుంది. అలాంటి గదిలో పనిచేసేవాడికి ఈ సిరీస్‌లో బాగా పట్టేది టేపు కథ.

1967లో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్ చేసింది నాలుగు ట్రాకుల మెషిన్ల మీద. ట్రాకు అంటే గొంతునో వాయిద్యాన్నో విడిగా రికార్డు చేసుకునే వరస. నాలుగూ నిండిపోతే వాటిని కలిపి ఇంకో మెషిన్‌లో ఒక ట్రాకు మీదికి ఎక్కించి, మిగిలిన ఖాళీలో కొత్త వాయిద్యాలు చేర్చేవాళ్లు. ఒకసారి కలిపాక డ్రమ్స్ తగ్గించాలన్నా, గిటార్ పెంచాలన్నా కుదరదు. పైగా కాపీ చేసిన ప్రతిసారీ టేపు ‘హిస్’, అంటే వెనకాల వినిపించే ఆ ‘స్‌స్’ శబ్దం, పెరుగుతుంది. అందుకే ఏది ఎంత వినిపించాలో అక్కడికక్కడే తేల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు కంప్యూటర్‌లో ట్రాకులకు లెక్కే లేదు, అందుకే ఏదీ తేల్చం. ఒక్క పల్లవికి ఇరవై టేకులు పెట్టుకుని, తర్వాత చూద్దాంలే అంటాం. ఆ ‘తర్వాత’ రాత్రి రెండింటికి వస్తుంది, అప్పుడు ఏ టేక్ బాగుందో మన చెవికే తెలియదు. ఈ సిరీస్ చూశాక నేను టేకులు తగ్గించాను. బాగాలేనిది అప్పుడే తీసేస్తాను.

గొంతు మీద ఉన్న భాగం కూడా వదలొద్దు. పాడినదాని శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఆటోట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూమిలోకి పంపిన తరంగాల లెక్కలు కట్టిన మనిషి! ఇక్కడికొచ్చే కుర్రాళ్లు పాడకముందే “అన్నా, శ్రుతి నువ్వు చూసుకో” అంటారు. సినిమా పాటకైతే సరే. కీర్తనలో గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపుతూ పాడే తీరుని, అది మెట్లుమెట్లుగా నరికేస్తుంది. అప్పుడు రాగం మిగలదు.

లోటేమిటంటే, కథంతా దాదాపు అమెరికా, ఇంగ్లండ్‌ల చుట్టే తిరుగుతుంది. మన సంగతిని మనమే దానికి జతచేసుకుని చూడాలి. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్, గాయని గౌహర్ జాన్ పాట రికార్డు చేశాడు. అప్పటికి రికార్డింగ్‌కి కరెంటు మైకు లేదు, ఒక పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడాలి. మూడు నిమిషాలకు అటూ ఇటూగా పాట ముగించి, ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పేది. రికార్డులు అచ్చువేసేది జర్మనీలో కాబట్టి, ఆ పాట ఎవరిదో వాళ్లకి తెలియాలిగా.

ఆ మూడు నిమిషాల హద్దుతో మన సుప్రభాతాన్ని పోల్చుకోండి. 1948లో ఎల్పీ (లాంగ్ ప్లే రికార్డు) వచ్చాక ఒక పక్కకి ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, రాధా విశ్వనాథన్ పాడిన సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం అన్నీ కలిపి సుమారు అంతే. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డుల మీదైతే ముక్కలు ముక్కలుగా తిప్పి తిప్పి వినాల్సి వచ్చేది. తిరుపతిలో పుట్టిపెరిగినవాడికి అది మైకుల్లోంచి వచ్చే తెల్లవారుజాము. ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రెండు గొంతులూ ఎక్కడ కలుస్తున్నాయో, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో వినండి. వీలైతే ఎం.ఎస్. టీటీడీ కోసం పాడిన బాలాజీ పంచరత్నమాల కూడా. ఐదు ఎల్పీలు, అందులో అన్నమయ్య చాలానే ఉన్నాడు.

చూసేటప్పుడు కూడా మామూలు వైరు హెడ్‌ఫోన్స్ చాలు. వాళ్లు ఒక్కో ట్రాకూ విడదీసి వినిపించే చోట్ల ఫోన్ స్పీకర్‌లో బేస్ అసలు వినపడదు. మాటలన్నీ ఇంగ్లీషే, అదీ గబగబా. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మీకు టైం తక్కువైతే మొదటి మూడు భాగాలు చూడండి. మ్యూజిక్ వీడియోల మీద ఉన్నది సరదాగా ఉంటుంది గానీ స్టూడియో పెట్టేవాళ్లకి అందులో పెద్దగా ఏమీ లేదు.