ఏ తూటా కొనాలని అడిగినావు కదా అల్లుడూ

అల్లుడూ, బాగుండావా? మీ అమ్మ నిన్న ఇంటికొచ్చి చెప్పింది, నువ్వు రైఫిల్ కొన్నావంట, నవంబర్‌లో ఫ్రెండు వాళ్ళ రాంచ్‌కు జింకల వేటకు పోతాండావంట. నీ మెసేజ్ కూడా చూసినా, .308 సైజు రైఫిల్‌కి ఏ కంపెనీ తూటా బాగుంటాది మామా, ఒక్క పేరు చెప్పు చాలు అని పెట్టినావు. ఒక్క పేరు చెప్పి ఊరుకుంటే నీకు మేలు చేసినట్టు కాదప్పా, అందుకే పొడుగైనా కూర్చొని రాస్తాండా, ఆదివారం పొద్దున నిమ్మళంగా చదువుకో.

తూటా కంటే ముందు లైసెన్స్ మాట. నువ్వు హెచ్1బి మీద ఉండావు. అట్లాంటి వీసా మీద ఉండే మనిషి అమెరికాలో తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోగూడదు, ఫెడరల్ చట్టం అది, దాంట్లో నీకు పనికొచ్చే మినహాయింపు ఒకటే, గడువు దాటని హంటింగ్ లైసెన్స్. కొనేటప్పుడు చూపించే ఉంటావులే, కానీ టెక్సస్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో అయిపోతాది, మర్చిపోవద్దు. ప్రైవేట్ భూమిలో అడవి పందులకు లైసెన్స్ అక్కర్లేదు అని ఎవరో ఒకరు చెప్తారు, నిజమే, కానీ అది పందుల గురించిన రూలు, నీ వీసాకు మాత్రం ఆ కాగితమే ఆధారం. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినోళ్ళకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాల, చేయకుంటే ఈ నెలలోనే చేసేయ్.

ఇంక అసలు సంగతి. డబ్బాల్లో వచ్చే ఫ్యాక్టరీ తూటా ఇప్పుడు బో బాగుంటాది అబ్బీ, నేను ఆడికి పోయిన కొత్తల్లో ఇంట్లో తూటాలు నింపుకునేవాళ్ళు ఫ్యాక్టరీ సరుకంటే మొహం తిప్పుకునేవాళ్ళు, ఇప్పుడు మామూలు ధర డబ్బా కూడా మంచి రైఫిల్‌లో నూరు గజాలకు అంగుళంన్నర లోపల గుండ్లన్నీ పడేస్తాది. చిక్కు యాడ వస్తాదంటే, ఫ్యాక్టరీ వాడు నీ ఒక్క రైఫిల్ కోసం చేయడు, కొలతల హద్దులో ఉండే ప్రతి .308లోనూ పట్టేట్టు చేస్తాడు. నీ ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది, ఒక రవ్వ పొడుగు ఉండొచ్చు, బ్యారెల్ ఒక రకంగా అదురుతాది, పక్కోడిది ఇంకో రకంగా అదురుతాది. ఒకే అంగట్లో, ఒకే మోడల్, ఒకే రోజు నేనూ నా ఫ్రెండూ కొన్న్యాం, వాని రైఫిల్‌కు 165 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) తూటా అమృతం, నా దానికి అదే తూటా పేపర్ మీద శెనక్కాయలు చల్లినట్టు పడె. అందుకే పేరు చెప్పను అంటాండా. మూడు నాలుగు రకాలు ఒక్కొక్క డబ్బా కొను, 20 ఉంటాయి డబ్బాకు, ఏది నచ్చుతాదో నీ రైఫిలే చెప్తాది.

టెస్ట్ చేసేది మూడు గుండ్లు కాల్చి ఆహా అనుకునేది కాదు. మూడు గుండ్లు ఒకదాని పక్కన ఒకటి పడడం అదృష్టం కూడా అయ్యుండొచ్చు. బెంచి మీద ఇసుక సంచుల మీద పెట్టి ఐదేసి కాల్చు, బ్యారెల్ చల్లారే దాకా ఆగు, చేత్తో పట్టుకుంటే చురుక్కుమంటే ఇంకా చల్లారలేదని లెక్క, మళ్ళా ఇంకో ఐదు. గుండ్లు ఎంత చెదురుతాయో కోణంలో కొలిచే లెక్కను ఎంఓఏ అంటారు, నూరు గజాల కాడ ఒక ఎంఓఏ అంటే ఒక అంగుళం పైన రవ్వంత, జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది పది అంగుళాల వెడల్పు ఉంటాది. రెండంగుళాలు వేసే తూటా అయినా 200 గజాల లోపల వేటకు చాలు. అర అంగుళం కోసం డబ్బులు తగలేసే వాళ్ళను చూసినా, వాళ్ళే అడవిలో మోకాలి మీద కూర్చొని కాల్చాలంటే చేతులు వణికి అడుగు పక్కన వేస్తారు.

నేను నీకు చెప్పాలనుకునే అసలు టెస్ట్ ఇది, చాలామంది చేయరు. ఒక పేపర్ తీసుకో. రేంజ్‌కు, అంటే కాల్చి నేర్చుకునే చోటికి, పోయినప్పుడల్లా చల్లగా ఉన్న బ్యారెల్‌తో మొదటి గుండు మాత్రం ఆ పేపర్ మీద వేయి, మడిచి జేబులో పెట్టుకో, మిగతావి వేరే పేపర్ మీద కాల్చుకో. మళ్ళా వారం అదే పేపర్ అంటించు, మళ్ళా ఒక్కటే. పది సార్లు పోతే పది మొదటి గుండ్లు. జింక ముందు నువ్వు కాల్చేది ఆ మొదటి గుండే కదా, రెండోదానికి అది ఆగదు. బ్యారెల్‌ను బాగా శుభ్రం చేసిన రోజు మొదటి గుండు పక్కకు పోతే ఆశ్చర్యపడొద్దు, అందుకే నేను సీజన్‌కు ముందు తుడిచినాక నాలుగైదు కాల్చి, ఆ మురికితోనే వేటకు పోయేవాణ్ణి.

ఏ రకం కుదిరిందో తెలిసినాక డబ్బా మూత లోపల చూడు, లాట్ నంబర్ ఉంటాది, ఏ విడతలో చేసిందో చెప్పే నంబర్. అదే లాట్‌వి నాలుగైదు డబ్బాలు ఒకేసారి కొనేయ్. తూటాలో ఉండే తుపాకి మందు ఒక విడతకు ఇంకో విడతకు కొంచెం మారుతాది, ఫ్యాక్టరీ వాళ్ళు దానికి తగ్గట్టు కొలత సర్దుతారు, కేస్ (తూటా గొట్టం), ప్రైమర్ (మందును అంటించేది) కూడా మారుతుంటాయి. డబ్బా రంగు, పేరు, బరువు అన్నీ అవే, గుండు మాత్రం ఇంకో చోట పడొచ్చు. లాట్ మారితే మళ్ళా జీరో, అంటే గురి పెట్టిన చోటే గుండు పడేట్టు సర్దుకునేది, చూసుకోవాల్సిందే.

డబ్బా మీద 150 గ్రెయిన్లకు సెకనుకు 2,820 అడుగులు అని రాసుంటాది, అది 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్ లెక్క. నీది 20 అంగుళాలదైతే అంగుళానికి 20, 25 అడుగులు పోతాది అనుకో. దానికి భయపడేది లేదు, నీ దూరాలకు జింక ఆ తేడా ఎరగదు, కానీ డబ్బా వెనక ఉండే డ్రాప్ టేబుల్‌ను, అంటే ఎంత దూరానికి గుండు ఎంత కిందికి పడతాదో చెప్పే పట్టికను, నమ్మి 300 గజాలకు కాల్చొద్దు. నూరు గజాలకు జీరో చేస్తే 200 కాడ సుమారు నాలుగు అంగుళాలు కిందికి పడతాది, నీ రైఫిల్‌లో ఎంతో నువ్వే 200 కాడ పేపర్ పెట్టి చూసుకో.

ఇప్పుడు గుండు రకం. దీంట్లో నేను తప్పు చేసినా, అందుకే గట్టిగా చెప్తాండా. నా రెండో సీజన్‌లో మ్యాచ్ అని రాసుండే తూటా, అంటే గురి పోటీలకు చేసింది, నా రైఫిల్‌లో బో ముద్దుగా పడుతుండె, ఐదు గుండ్లు రూపాయి బిళ్ళ కింద దాగేవి, ఆ సంబరంలో దాన్నే వేటకు తీసుకుపోయినా. ముక్కుకు చిన్న రంధ్రం ఉంటే తగిలినాక పూవులాగ విచ్చుకుంటాదిలే అనుకున్నా. ఆ రంధ్రం తయారీలో వచ్చేది అబ్బీ, విచ్చుకోవడానికి పెట్టింది కాదు, ఆ గుండు చేసే వాళ్ళే వేటకు వద్దంటారు, నేనే చదవలేదు. ఆడ జింక, 140 గజాలు, గుండు తగిలిన చప్పుడు కూడా వినపడె, అది పరిగెత్తె. సన్నగా సూదితో గుచ్చినట్టు ఇవతల నుంచి అవతలికి పోయినాది. టార్చ్ పట్టుకొని గడ్డి మీద ఒక్కొక్క చుక్క వెతుక్కుంటా రాత్రి పదకొండు దాకా తిరిగినా, ముళ్ళ పొద కింద పడుకొని ఉండె, ఇంకా ఊపిరి తీస్తా, నా పక్కే చూస్తా. ఇన్నేండ్లయినా ఆ చూపు నాకు పోలేదు.

మిలిటరీ బుల్లెట్ కూడా అంతే, నిండుగా రాగి తొడుగు ఉండేది, చవగ్గా దొరుకుతాదని వేటకు కొనొద్దు, చాలా రాష్ట్రాల్లో చట్టమే ఒప్పుకోదు. విచ్చుకునే గుండ్లకు డమ్‌డమ్ అనే పేరు కలకత్తా పక్కనుండే మన డమ్‌డమ్ ఫ్యాక్టరీ నుంచే వచ్చినాది, 1899లో హేగ్‌లో వాటిని యుద్ధంలో వాడకూడదని రాసుకున్నారు. వేటలో లెక్క తిరగబడతాది, విచ్చుకుంటేనే జంతువు బాధ లేకుండా తొందరగా పోతాది.

జింకకు మామూలు సాఫ్ట్ పాయింట్, అంటే ముక్కు కాడ మెత్తని సీసం బయటికుండేది, చాలు, రెమింగ్టన్ వాళ్ళ కోర్‌లాక్ట్ లాంటివి 1939 నుంచి అదే పని చేస్తాండాయి. పందులు కూడా కొట్టాలనుంటే సీసం, తొడుగు అతుక్కొని ఉండే బాండెడ్ రకం తీసుకో, భుజం ఎముక తగిలినా ముక్కలు కాదు. నోస్లర్ పార్టిషన్ అని 1948 నాటిది, మధ్యలో అడ్డగోడ ఉంటాది, ముందు సగం విచ్చుకుంటే వెనక సగం లోపలికి పోతాది. నా దగ్గర ఇప్పటికీ ఒకటి ఉండాది, పంది అవతలి తోలు కింద దొరికింది, ముందు భాగం తామర పూవు రేకుల్లాగ వెనక్కి మడుచుకోనుంది, వెనక మొద్దు చెక్కు చెదరలేదు. పూజ గదిలో కాదులే, బీరువాలో పెట్టినా. మొత్తం రాగిది కూడా మంచిదే, కాలిఫోర్నియాలో అయితే 2019 జులై నుంచి వేటకు సీసమే వద్దన్నారు, కానీ రాగికి వేగం కావాల, తగిలేటప్పటికి 1,800, 2,000 అడుగులకన్నా తగ్గితే సరిగ్గా విచ్చుకోదు. అందుకే తేలిక బరువుది తీసుకొని దగ్గర్నుంచే కాల్చు.

తూటాలు ట్రక్కు డ్యాష్‌బోర్డ్ మీద ఎండలో వదలొద్దు, మందు వేడెక్కితే ప్రెషర్ పెరుగుతాది. ఒకే తూటాను పదిసార్లు ఎక్కించి దించొద్దు, బుల్లెట్ లోపలికి జరుగుతాది, అప్పుడు కూడా ప్రెషర్ పెరుగుతాది, అట్లాంటిది కాల్చకుండా పక్కన పెట్టేయ్.

ఈడ మన సిద్ధవటం కాడ 1972 వన్యప్రాణుల చట్టం వచ్చినాక వేట మాట లేదు, లంకమల అడవి పక్క నుంచి పందులు దిగి రాత్రికి రాత్రి శెనక్కాయ చేను దున్నేస్తాండె. మీ తాత మంచె మీద కూర్చొని తెల్లార్లూ డబ్బా కొట్టేవాడు, నేను పక్కన కునుకు తీసేవాణ్ణి. 1986లో రెడ్డిపల్లి దగ్గర కలివి కోడి అనే అరుదైన పక్షి మళ్ళా కనపడిందని తెలిసినప్పుడు ఆయన, అది మన దిక్కు బతికుండాదంట రా అని ఊరంతా చెప్పుకున్నాడు. అట్లాంటి మనిషి మనవడివి నువ్వు, తుపాకీ పట్టుకుంటాండావు, తప్పనడం లేదు, ఆడ అది చట్టమైన పనే, తినేదానికే కొడతారు. తగలదనిపిస్తే కాల్చొద్దు. నేనైతే గాలి గంటకు 10 మైళ్ళు దాటితే 200 గజాల పైన ఆశపడేవాణ్ణి కాదు.

ఒక పని చేయి. రైఫిల్ బ్యారెల్ మీద కొట్టిన అక్షరాలు ఫోటో తీసి పంపు, బ్యారెల్ ఎంత పొడుగో రాయి. మొదటి వారం టార్గెట్ పేపర్లు పారేయకుండా, ఏ పేపర్ ఏ డబ్బాదో, లాట్ నంబర్ ఏందో పెన్నుతో మీదే రాసి వాట్సాప్‌లో పెట్టు, నేను అద్దాలు పెట్టుకొని చూస్తా.

మీ మామ